దూపగడ్డ మీద వంటిల్లు

లింగంపల్లి స్టేషన్లో రైలు దిగి గోపన్‌పల్లి వైపు నడుస్తుంటే, ద్రాక్షతోట దాటాక ఎడమచేతి పక్కన మిట్టగా ఒక జాగా వచ్చేది. దాన్ని దూపగడ్డ అనేవాళ్ళు. దూప అంటే అక్కడివాళ్ళ మాటలో దాహం.

పొద్దుగూకాక ఆ దారిన పోయే బండివాడు ఎంత తొందరలో ఉన్నా ఎద్దుల్ని ఆపాలి. చెంబెడు నీళ్ళు ఆ గడ్డ మీద వొంపాలి. వొంపి, వెనక్కి చూడకుండా పోవాలి. వొంపకపోతే... బండిలో నిండుగా ఉన్న కుండ ఇల్లు చేరేసరికి ఒట్టిదైపోతుంది. వొంపినా, ఆ నీళ్ళు మట్టి మీద నిలవ్వు. చూస్తుండగానే లోపలికి పోతాయి — కింద ఎవరో నోరు తెరుచుకుని పడుకున్నట్టు.

ఇది నాకు మా పుణ్యవతి పిన్ని చెప్పింది. ఆవిడ ఎలా చెప్పిందో అలాగే చెప్తున్నాను. కోపం మాత్రం నాది. దెయ్యాలున్నాయా లేవా అని కాలేజీలో డిబేటు పెడితే, లేవనే పక్షాన నిలబడి రెండుసార్లు కప్పు పట్టుకొచ్చినదాన్ని. ఈ కథ విన్నాక నాకు ఒళ్ళు మండింది. దెయ్యం మీద కాదు.

సరే. ఆ దూపగడ్డ మీద ఇల్లు కట్టిన మహానుభావుడు మా విశ్వేశ్వరరావు బాబాయి.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, పదకొండేళ్ళలో తొమ్మిది అద్దె ఇళ్ళు మారాడు. ఊరికి అంత దూరంలో, కరెంటు స్తంభమైనా రాని చోట ఆ జాగా కొన్నాడు. దాని పేరేమిటో ఎవరూ ఆయనకి చెప్పలేదు. చెప్పినా కొనేవాడే. "దెయ్యముంటే మంచిదే, ఇంటివాళ్ళ పోరుకంటే నయం" అనే రకం.

పిన్నికి గోడలతో పని లేదు, కప్పుతో పని లేదు. ఆవిడకి కావలసింది వంటింటి నేల.

తొమ్మిది అద్దె వంటిళ్ళలోనూ ఆవిడ ఒకే మాట పడింది — "నీళ్ళు అంతలా పొయ్యకండి, నేల పాడైపోతుంది." ఒకచోట బండల సందుల్లోంచి చీమలు. ఒకచోట గచ్చు పెచ్చులూడి, చీపురు వేస్తే అన్నంలోకి ఇసక. తడిగుడ్డతో తుడవడం, ఆ గుడ్డ ఇంటివాళ్ళు చూడకుండా పిండుకోవడం. తన ఇంట్లో, తన వంటింట్లో, బిందెలకి బిందెలు గుమ్మరించి కడుక్కోవాలి — అదీ ఆవిడ కోరిక. అందుకని పింగాణీ టైల్సు తెప్పించింది. మీగడ రంగువి, రెండొందల అరవై. ఎండుగడ్డిలో చుట్టి పెట్టెల్లో వచ్చాయి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, ఎండాకాలం. అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు. ప్రవేశం కాకుండా లోపల పడుకోకూడదని కొత్తింటి వరండాలోనే పడక, అక్కడే కుంపటి మీద వంట. టైల్సు పెట్టెలు పిన్ని మంచం కింద. ముహూర్తానికి పంతొమ్మిది రోజులుంది. ఆ రోజు ఆ టైల్సు మీద పొయ్యి పెట్టి పాలు పొంగించాలి. మిగతా ఇల్లంతా అయిపోయింది. వంటింటి నేల ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కటే ఎవరి మాటా వినలేదు.

పని చేసేది సుతారి వీరేశం, గోపన్‌పల్లి తాపీమేస్త్రీ. టైల్సు పెట్టె తెరిచి ఒకటి చేతిలో తిప్పి చూశాడు.

"ఇవి దవాఖాన్ల గోడలకేస్తరమ్మా. నేలకా? కింద ఏలెడంత గుల్ల ఉన్నా పటుక్కున పగుల్తయ్."

"అయితే గుల్ల లేకుండా చెయ్యి" అంది పిన్ని.

వీరేశానికి ఆ మాట తగిలింది. పనిలో అతనికొక పద్ధతుంది. మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొడతాడు. దానిమీద ఇటుకముక్కలూ సున్నమూ పరిచి మళ్ళీ కొడతాడు. రసమట్టం పెట్టి చూస్తాడు. ఆపైన గుమ్మానికి మట్టికట్ట వేసి, సాయంత్రం నేలంతా నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు నిలబెడతాడు. తెల్లారి ఒక వేలు తగ్గితే సరే. అంతకంటే తగ్గిందా, ఆ నేల మీద ఒక్క బిళ్ళ పెట్టడు. ఎవరు చెప్పినా పెట్టడు.

ఆ నీళ్ళు మోసేది భాగ్యమ్మ. నానక్‌రామ్‌గూడ మనిషి, నలభైకి దగ్గర. ద్రాక్షతోట బావి నుంచి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. మాట తక్కువ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు మోసేది గానీ, ఆ జాగాలో ఒక్క గుక్క తాగేది కాదు. నాలుక పిడచగట్టే ఎండలో కూడా. పిన్ని ఇవ్వబోయినా "వద్దమ్మా" అని తల తిప్పుకునేది. తోట దగ్గరికి వెళ్ళి అక్కడ తాగి వచ్చేది.

మొదటిసారి దిమ్మిస ఎత్తిన రోజున భాగ్యమ్మ బిందె దించి, పొయ్యి రావలసిన మూలకి చెయ్యి చూపించింది.

"వీరేశన్నా, గా మూల జర తవ్వి సూసి కొట్టుండ్రి."

"నువ్వు నీళ్ళు మొయ్యి" అన్నాడు వీరేశం.

బాబాయి నవ్వాడు. పిన్ని టైల్సు లెక్కపెట్టుకుంటోంది.

ముగ్గురున్నారు అక్కడ. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు "ఎందుకు?" అని అడగలేదు. దీనికి మా పిన్నిని కూడా నేను క్షమించలేదు. ఆవిడ మొహమ్మీదే చెప్పాను.

ఆ సాయంత్రం నలభై బిందెలు పోశారు. వంటిల్లు చెరువులా మెరిసింది. పిన్ని అందులో తన మొహం చూసుకుని మురిసిపోయింది.

తెల్లారి చూస్తే... చుక్క లేదు.

మట్టికట్ట కట్టలాగే ఉంది. గోడలు తడవలేదు. గుమ్మం బయట చెమ్మ లేదు. పొయ్యి మూలన మాత్రం నేల కుంగి ఉంది — గుండ్రంగా, చేటంత. ఎవరో రాత్రంతా అక్కడ కూచుని లేచి వెళ్ళినట్టు.

వీరేశం అంతా పగలగొట్టాడు. కొత్త మొరం తెచ్చాడు. ఈసారి ఇద్దరు మనుషుల్ని పెట్టి మూడు రోజులు కొట్టించాడు. చేతులు బొబ్బలెక్కాయి. నీళ్ళు నిలబెట్టారు.

తెల్లారి... చుక్క లేదు. అదే మూల. అదే గుంట.

మూడోసారి. సున్నం పాలు పెంచాడు. గుంటలో రాళ్ళు కుక్కాడు. మళ్ళీ దిమ్మిస, మళ్ళీ రసమట్టం, మళ్ళీ నలభై బిందెలు.

చుక్క లేదు.

తాపీ విసిరేశాడు వీరేశం. "ఇరవై ఏండ్ల పనిల గిసుంటి నేల సూడలే! ఏంది గిది? నీళ్ళు పొయ్యి, కొట్టు, పగలగొట్టు... పొయ్యి, కొట్టు, పగలగొట్టు! పిచ్చోన్ని చేస్తుంది నన్ను!"

బాబాయి అరిచాడు. "తాండూరు బండలు పరిచి పారేస్తే ఒక పూట పనే ఇది!"

"పరుచుకోండి. మీ ముందుగదిలో" అంది పిన్ని.

"ముహూర్తానికి ఆరు రోజులే ఉందే!"

"అయితే ఆ ఆరు రోజులూ నాతో మాట్లాడకండి."

ఆవిడ ఆ మాట అన్నాక వెళ్ళి మంచం కింద పెట్టెల మీద చెయ్యి వేసుకుని కూచుందిట. ఏడుపు రాలేదుట. పళ్ళు నూరుకుందిట. పదకొండేళ్ళు ఇంకొకరి నేల మీద భయంభయంగా తడిగుడ్డ పెట్టినదానికి, తన నేల కూడా తనకి దక్కదా?

బాబాయి బుర్ర వేరే వైపు నడిచింది. కరువు రోజులు. బావులు అడుగంటాయి. నీళ్ళు దొంగలే తోడుకుపోతున్నారు! వంటింటి కిటికీలు రెండూ మూసి మేకులు కొట్టించాడు. తలుపుకి తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నాడు.

తెల్లారి... తాళం వేసినట్టే ఉంది. లోపల నేల పొడిగా ఉంది.

ఆ రోజు సాయంత్రం మళ్ళీ నీళ్ళు నింపారు. ఆ రాత్రి పిన్నికి మెలకువ వచ్చింది.

ఎందుకొచ్చిందో మొదట తెలియలేదు. గాలి లేదు. కుక్క కూడా మొరగడం లేదు. పక్కన బాబాయి గుర్రు... దాని మధ్య, సందు దొరికినప్పుడల్లా, ఇంకేదో.

గుటక్...

ఆగింది.

గుటక్... గుటక్...

ఎవరో నీళ్ళు తాగుతున్నారు. చాలా దాహం మీద ఉన్నవాళ్ళు, చెంబు దించకుండా, గొంతు నిండా తాగినప్పుడు వచ్చే చప్పుడు. వంటింట్లోంచి.

పిన్ని బాబాయి జంధ్యం నుంచి తాళంచెవి విప్పుకుంది. లాంతరు తీసుకుంది. ఆవిడ ధైర్యవంతురాలని కాదు. ఆవిడకి కోపం. నలభై బిందెల నీళ్ళు నాలుగుసార్లు మింగినదెవరో మొహం చూడాలని కోపం.

తలుపు తీసింది. నీళ్ళు తళుక్కుమన్నాయి. సగానికి సగం తగ్గాయి. ఎంత తగ్గాయో చూద్దామని గుమ్మంలో గొంతుక్కూచుని లాంతరు కిందికి దించింది.

వెలుగు చిన్నదైంది... నీలమైంది... ఆరిపోయింది.

గాలి లేదు. కిటికీలకి మేకులు.

అగ్గిపుల్ల గీసింది. వెలిగింది. కిందికి దించింది. ఆరింది. లేచి నిలబడి ఇంకోటి గీసింది. నిశ్చలంగా వెలిగింది. వంగింది... ఆరింది.

పైన బతుకుతోంది. కింద చచ్చిపోతోంది. నేలకి మూరెడు ఎత్తున ఎవరో వరసగా ఊదేస్తున్నట్టు.

అప్పుడు ఆ మూలనుంచి వచ్చింది — పొడుగ్గా, బరువుగా, దాహం తీరిన మనిషి విడిచే ఊపిరి.

"హ్హా......"

పిన్ని వరండాలోకి ఎలా వచ్చి పడిందో ఆవిడకే గుర్తు లేదు.

పొద్దున్నే వీరేశానికి చెబితే అతని మొహం సున్నం కొట్టినట్టైంది. గొంతు తగ్గించి అప్పుడు చెప్పాడు, ఆ జాగా పేరు, బండివాళ్ళు వొంపే చెంబు నీళ్ళు, అంతా. "చెప్పొద్దనే అనుకున్నమ్మా. దయ్యం గియ్యం అంటే నవ్వుతరని. దీని దూప తీరేది కాదు. వంటిల్లు వేరే దిక్కు మార్సుకోండ్రి. నాతోని కాదు ఇగ."

బాబాయి లేచాడు. "ఎవరితోనూ కాదు, నాతో అవుతుంది! ఇవాళ రాత్రి నేను లోపల కూచుంటా. దెయ్యమో దొంగో తేలిపోవాలి. తేలకపోతే పొద్దున్నే బండలు. పుణ్యవతీ, వింటున్నావా? బండలు!"

పిన్ని వింది. భాగ్యమ్మ కూడా వింది. బిందె దించుతూ అందరి మొహాలూ చూసింది. ఎవరూ ఆమె మొహం చూడలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోలేదు. సిమెంటు బస్తాల దగ్గర గోనె పరుచుకుని పడుకుంది. "ఏంటి భాగ్యమ్మా?" అంటే, "ఊకెనే" అంది.

రాత్రి బాబాయి పీట వేసుకుని వంటింట్లో కూచున్నాడు. పక్కన టార్చి. దొంగకి తెలియకూడదని తలుపు దగ్గరగా వేసేశాడు. నీళ్ళు కాళ్ళ చుట్టూ తగ్గుతూ వచ్చాయిట. మూలన గుంట కనబడే వేళకి ఆ చప్పుడు మొదలైంది. గుటక్... గుటక్...

మా బాబాయి ఏం చేశాడంటే, ఆ మూలకి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, గుంటకి చెవి ఆనించాడు.

తర్వాత ఆయన చెప్పింది ఇంతే — తల బరువెక్కింది. లేద్దామనుకున్నాడు, కాళ్ళు తనవి కావు. పిలుద్దామనుకున్నాడు, నాలుక తనది కాదు. గుండె మీద ఎవరో మెల్లగా వచ్చి కూచున్నారు. తోసెయ్యబుద్ధి కూడా కాలేదు...

బయట పిన్నికి టార్చి దొర్లిన చప్పుడు వినబడింది.

"ఏమండీ?"

"ఏమండీ...!"

గుటక్.

తలుపు తోసింది. చీకట్లో మూలన తెల్లగా బాబాయి పంచె. కదలడం లేదు. పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఒక్క నిమిషానికి ఆవిడ తనని తాను ఇప్పటికీ తిట్టుకుంటుంది.

వెనకనుంచి ఎవరో ఆవిడని పక్కకి నెట్టారు. భాగ్యమ్మ! కొంగు ముక్కుకి కట్టుకుని, గుండెనిండా ఊపిరి పట్టి, ఒక్క ఉరుకున లోపలికి పోయి బాబాయి రెండు కాళ్ళూ పట్టి బరబరా ఈడ్చుకొచ్చి వరండాలో పడేసింది. పడేశాక ఊపిరి వదిలింది.

"కిటికీలు పలగొట్టమ్మా! నువ్వు లోపలికి పోకు. బయటికెల్లి పలగొట్టు!"

పిన్ని దిమ్మిస ఎత్తి రెండు కిటికీలూ బద్దలు కొట్టింది. అంత బరువు ఎలా ఎత్తిందో తెలియదు.

బాబాయి దగ్గాడు. కక్కాడు. కళ్ళు తెరిచాడు. భాగ్యమ్మ ఆయన పక్కన చతికిలబడి తల కొట్టుకుంది.

"దీపం ఆరిన కాడికి మనిషి పోతడా సారూ? గంత సదువుకున్నరు! సిన్నపోరగాండ్లకు గూడ తెలుసు గద!"

"ఏం తెలుసు?" అంది పిన్ని. "మాకేం తెలుసు? ఏముందక్కడ?"

"పాతర."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"మీ దిక్కు వడ్లు గాదెల్ల పోస్తరంట. మా దిక్కు జొన్నలు బూమిల దాస్తం. రెండు నిలువుల లోతు తవ్వి, లోపల గడ్డి పేర్సి, జొన్నలు పోసి, మీద బండేసి మట్టి కప్పుతం. దాన్నే పాతర అంటం. తడి తగిలితే లోపల కుళ్ళి మాడుపొగ పుడతది. కంటికి కనబడదు. పాతర తెరిస్తే ముందుగాల దీపం దించుతం. దీపం నిలిస్తెనే మనిషి దిగుతడు. మీరేమో దినాం నలభై బిందెలు పోపిచ్చి, కిటికీలకు మేకులు కొట్టి, దాని మీద బోర్ల పండిన్రు."

కృష్ణా డెల్టాలో పుట్టిన బాబాయికి ధాన్యం నేల కింద ఉంటుందని ఎవరు చెప్పారు? ఎవరినైనా అడిగితే కదా!

"నీకెలా తెలుసు భాగ్యమ్మా, ఇక్కడ పాతరుందని?"

లాంతరు వైపు చూస్తూ కూచుందిట.

"మాదే గద. ఈడ మా ఇల్లుండె."

అప్పుడు చెప్పింది. నిజాం దొరతనం పోబోయే ఏడాది. భాగ్యమ్మకి ఎనిమిదేళ్ళు. అక్క పోచమ్మకి పదిహేను. గడీ దొర కన్ను పోచమ్మ మీద పడింది. పొద్దుగూకాక మనుషుల్ని పంపించాడు. వాళ్ళొచ్చేసరికి తల్లి పాతర పక్కన పడి నెత్తి కొట్టుకుంటోంది — మీకు భయపడి నా బిడ్డ పాతర్ల దాక్కున్నది, మాడుపొగకు సచ్చింది, అని. వాళ్ళు బండ తీసి దీపం దించారు. తటాలున ఆరిపోయింది. దించినవాడు వెనక్కి గెంతాడు. దిగడానికి ఎవడూ ముందుకి రాలేదు. వెళ్ళిపోయారు.

"ఆ రాత్రే మా అమ్మ బండ మూసి మట్టి కప్పింది. మేం నానక్‌రామ్‌గూడల మా మామ ఇంటికి పోయినం. కానీ దినాం పొద్దుమీకి మా అమ్మ చెంబు పట్టుకొని ఈడికొచ్చి నీళ్ళు పోసేది. అక్క దూపతోని సచ్చిందని. అది సూసి బండ్లోల్లు పోసుడు మొదలువెట్టిన్రు. సచ్చేనాడు గూడ మా అమ్మ నాకు అదే చెప్పింది — అక్కకు నీళ్ళు బంజెయ్యకు."

"నువ్వూ పోశావా?"

"సిన్నప్పటి సంది అమ్మతోని, అమ్మ పోయినంక నేనొక్కదాన్నే, మీరు కంచె ఏసిందాక పోసిన. కంచె ఏసినంక లోపలికి రానియ్యలే. అందుకే ఈ నీళ్ళు మోసే పనికొచ్చిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "మొదటి దినమే చెప్పిన, తవ్వి సూడుండ్రి అని. ఇనలే. ఇనకుంటే ఇనకపోనీ అనుకున్న. నలభై బిందెలు పొయ్యమన్నరు, పోసిన. అక్కకే అందుతున్నయనుకున్న. మా అమ్మ చెంబెడే పోసేది..."

ఆ రాత్రి ఇంకెవరూ పడుకోలేదు.

తెల్లారగానే వీరేశాన్ని పిలిపించారు. మూల తవ్వాడు. నడుం లోతు మొరం తీసేసరికి గునపం ఖంగుమంది. బండ. ఒక అంచున పగిలి, బెత్తెడు సందు. ఆ నీళ్ళన్నీ పోయిన గొంతు అది. నీళ్ళు దిగుతుంటే లోపలి గాలి బుడగలై పైకొచ్చేది. గుటకలు అవే, నిట్టూర్పూ అదే.

బండ పక్కకి దొర్లించారు. భాగ్యమ్మ తాడుకి లాంతరు కట్టి దించింది. ఆరింది. వేపకొమ్మలు మోకుకి కట్టి పైకీ కిందికీ ఆడించారు. మళ్ళీ దించింది. ఆరింది. మధ్యాహ్నం దాకా అలాగే. చివరికి లాంతరు అడుగు తాకింది... వెలుగుతూనే ఉంది.

వీరేశం నడుముకి తాడు కట్టుకుని దిగాడు. గంపలు పైకొచ్చాయి. నల్లగా, బంకగా, పుల్లటి కంపు. ఒక్కొక్క గంప పైకొచ్చినప్పుడల్లా భాగ్యమ్మ చేత్తో కెలికి చూసేది. పిన్ని ఒక కొత్త తువ్వాలు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఎముకలు వస్తే అందులో పెట్టాలని.

"ఏముంది వీరేశం?" అడిగాడు బాబాయి.

"కుళ్ళిన జొన్నలు సారు. గడ్డి."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"మంచిగ సూడన్నా!" భాగ్యమ్మ గుంటలోకి వంగింది. "గాజులుంటయ్... కాళ్ళకు కడియాలుండె... బొక్కలుంటయ్ గద, బొక్కలు!"

"అడుగుదాంక గోకిన భాగ్యమ్మా. గోడల పొంటి తడిమిన. గాజుముక్క గూడ లేదు. ఇందుల మనిషి పడలే. ఎన్నడూ పడలే."

గంపలోంచి నల్లనీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

భాగ్యమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. గడ్డ మీది ఎర్రమొరం మోకాళ్ళదాకా అంటింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె మొహం మారిందిట.

"నల్లమట్టి" అంది.

"ఏంటి?"

"ఆ తెల్లారి... మా అమ్మ కాళ్ళకు నల్లమట్టి. నేనే నీళ్ళు పోసి కడిగిన. మా గడ్డంతా ఎర్రమొరమే. నల్లమట్టి యాడుంది? చెరువు కట్ట కాడుంది." గొంతు పెద్దదవుతోంది. "చెరువు దాటితే ఏముంది? లింగంపల్లి టేసను! మా అమ్మ... అక్కను రైలెక్కిచ్చొచ్చింది! వాళ్ళు ఈడ దీపం దించేటాళ్ళకు అక్క ఏ జొన్నసేన్ల పడుకొనుండెనో! చీకట్ల చెరువు దాటిచ్చి, పొద్దుగాల్ల రైలెక్కిచ్చి, మళ్ళొచ్చి ఏడ్సింది! దినాం నీళ్ళు పోసింది, లోకమంతా సచ్చిందనుకోవాలెనని!"

"మరి నీకెందుకు చెప్పలేదు?" అంది పిన్ని, మెల్లగా.

"గదే గద!" గంపని కాలితో తన్నింది భాగ్యమ్మ. "సిన్నదాన్ని, నోరు జారుతననుకుంటే అనుకోనీ. పెద్దగైన! పెండ్లైంది! నాకు గూడ చెప్పొద్దా? దొర బతికుండెనని సచ్చేనాడు గూడ చెప్పకపోతివి గదనే అమ్మా! ముప్పై ఏండ్లు... ముప్పై ఏండ్లు జొన్నలకు నీళ్ళు పోసిననే!"

ఏడుస్తోందో నవ్వుతోందో పిన్నికి అర్థం కాలేదుట. రెండూ అనుకుంటా.

నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. పదిహేనేళ్ళ పిల్లని కాపాడటానికి ఆ ఊళ్ళో ఒక్క మనిషి దొరకలేదు ఆ తల్లికి. ఒక దెయ్యాన్ని పుట్టించుకుని, దాన్ని చెంబు నీళ్ళతో పెంచుకోవలసి వచ్చింది. మనుషులు ఆపలేనిదాన్ని దెయ్యం ఆపింది. కూతుర్ని బతికించింది, ఇంకో కూతురి చేత జీవితాంతం నీళ్ళు మోయించింది. ఇప్పుడు చెప్పండి, దెయ్యాలు లేవని నేను గెలిచిన ఆ కప్పులు ఎక్కడ పెట్టుకోను?

పోచమ్మ ఎక్కడికి వెళ్ళిందో, ఉందో లేదో ఎవరికీ తెలియదు. పాతర రాళ్ళతో నింపి, నేల కొట్టి, నీళ్ళు నిలిచి, టైల్సు వెయ్యడానికి ఇంకో నెల పట్టింది. ముహూర్తం నాడు పాలు మొరం మీదే పొంగాయి. అదంతా తర్వాతి మాట.

ఆ మధ్యాహ్నం మాత్రం భాగ్యమ్మ అరిచి అరిచి అలసిపోయి పాతర అంచున కూలబడింది. పెదాలు ఎండి తెల్లగా పగిలాయి. ఎన్నడూ లేనిది, పిన్ని వైపు చెయ్యి చాపింది.

"జర నీళ్ళియ్యమ్మా. దూపైతుంది."

పిన్ని ఒళ్ళోని తువ్వాలు పక్కన పెట్టి, దోసిట్లో పొయ్యకుండా, తన ఇత్తడి చెంబే నిండా ముంచి చేతికిచ్చింది. భాగ్యమ్మ తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, చెంబు దించకుండా తాగింది.

గుటక్... గుటక్... గుటక్...

రాత్రుళ్ళు విన్న ఆ చప్పుడే. చెంబు దించి, పొడుగ్గా ఊపిరి వదిలింది.

"హ్హా......"